పక్కనుంచి నడిచి వెళ్ళిన మనిషి

సత్యజిత్ రాయ్ 'చారులత' (1964) గురించి నేను చదివినవి దాదాపుగా అన్నీ చారు గురించిన వ్యాసాలే. ఆమె ఒంటరితనం, ఆమె చేతిలోని లోర్నెట్ (పిడి పట్టుకుని కళ్ళ దగ్గర పెట్టుకునే బుల్లి కళ్ళజోడు), తోటలో ఉయ్యాల, మరిది మీద పెంచుకున్న ఇష్టం. అందులో తప్పేం లేదు. మాధవి ముఖర్జీ మొహం తెరమీద ఉంటే ఇంకెవరి గురించి రాయబుద్ధవుతుంది? భూపతి మాత్రం ఆ వ్యాసాల్లో ఒక్క వాక్యంలో తేలిపోతుంటాడు: పత్రిక పనిలో మునిగిపోయి భార్యని పట్టించుకోని భర్త.

ఈ వాక్యం నాకెప్పుడూ మింగుడుపడలేదు. ఎందుకంటే భూపతి పట్టించుకున్నాడు. సినిమా మొదట్లోనే పట్టించుకున్నాడు. భార్య ఒంటరిగా ఉంటోందని తనంతట తనే గ్రహించాడు, గ్రహించి ఊరుకోకుండా ఏదో ఒకటి చేశాడు కూడా. ఆ చేసిందేమిటో, దానివల్ల ఏమైందో చూపించే సినిమా ఇది. ఇది చారు కథ ఎంతో భూపతి కథా అంతే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను సాఫ్ట్‌వేర్ పనిచేసేవాణ్ణి. మా ఇంట్లో ల్యాప్‌టాప్ మూతపడే టైమ్ ఇదీ అని ఒకటి లేదు. కాబట్టి భూపతి విషయంలో నేను పూర్తి నిష్పాక్షికంగా ఉంటానని హామీ ఇవ్వలేను.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1879-80 ప్రాంతపు కలకత్తా. భూపతి బాగా ఉన్నవాడు, సంపాదించాల్సిన అవసరం లేనివాడు. కానీ ఊరికే కూర్చోవడం ఇష్టంలేక ఇంట్లోనే ప్రెస్సు పెట్టి 'సెంటినెల్' అని ఒక ఇంగ్లీషు రాజకీయ పత్రిక నడుపుతుంటాడు. భార్య చారులత. పిల్లల్లేరు. ఇంటినిండా నౌకర్లు, కాబట్టి చెయ్యడానికి పనీ లేదు. చదువుకుంటుంది, కుట్టుకుంటుంది. కొన్నాళ్ళకి అమల్ అని భూపతి మేనత్త కొడుకు వచ్చి ఉంటాడు. మేనత్త కొడుకంటే మనకి బావ అవుతాడు, వేళాకోళాలూ అవీ వేరే లెక్కలో నడుస్తాయి. బెంగాలీల్లో అలా కాదు, మేనత్త కొడుకూ తమ్ముడే. అందుకని అమల్ చారుకి మరిది. ఈ ఒక్క సంగతీ గుర్తుంచుకోకపోతే ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఎందుకంత స్వేచ్ఛగా మసులుకోగలిగారో, ఆ స్వేచ్ఛకి గీత ఎక్కడుందో తెలుగు ప్రేక్షకుడికి సరిగ్గా అందదు. దీనికి ఆధారం టాగూర్ 1901లో రాసిన 'నష్టనీడ్'. నీడమంటే గూడు, మనకీ తెలిసిన సంస్కృతమే. టాగూర్‌కీ ఆయన వదిన కాదంబరీ దేవికీ ముడిపెట్టి ఈ కథని చదవడం పెద్ద ఆనవాయితీ. దాని జోలికి నేను వెళ్ళను.

మొదటి సీన్ గురించి అందరూ చెప్పిందే అయినా చెప్పకుండా ముందుకు కదలడం కష్టం. టైటిల్స్ పడుతున్నంతసేపూ చారు ఒక జేబురుమాలు మీద అక్షరం కుడుతూ ఉంటుంది. గడియారం నాలుగు కొడుతుంది. బాబుగారికి టీ పట్టుకెళ్ళమని నౌకరుకి కేకేస్తుంది. ఆ తర్వాత కొన్ని నిమిషాలపాటు మాటల్లేవు. అలమరాలోంచి ఒక పుస్తకం తీస్తుంది. వీధిలో కోతులాడించేవాడి డమరుకం వినిపిస్తే లోర్నెట్ తెచ్చుకుని, కిటికీ చెక్కలు ఎత్తి చూస్తుంది. వాడు ఆ కిటికీ దాటిపోతే ఇంకో గదిలోకి పరిగెత్తి ఇంకో కిటికీ. ఒక పల్లకీ, గొడుగు పట్టుకున్న ఒక లావుపాటాయన. బయట లోకం నడిచిపోతుంటుంది, ఈమె లోపల్నుంచి కిటికీ కిటికీకీ దానితో పాటు నడుస్తుంటుంది. బన్సీ చంద్రగుప్త వేసిన సెట్టు, సుబ్రత మిత్ర వెలుతురు, ఆ అద్దాలూ వరండాలూ ఇవన్నీ ఎంత అందంగా ఉంటాయంటే, చూస్తున్నది ఒక జైలుని అన్న సంగతి మనకి కాస్త ఆలస్యంగా తడుతుంది.

అప్పుడు భూపతి వస్తాడు. బూట్ల చప్పుడు చేసుకుంటూ గదిలోకి వెళ్తాడు, ఒక లావుపాటి పుస్తకం తెరిచి చదువుకుంటూ బయటికి వస్తాడు. దారిలో చారు నిలబడి ఉంటుంది. పక్కనుంచే వెళ్తాడు. చూడడు. కోపంగా తల తిప్పుకోవడం కాదు, కావాలని చూడకపోవడం కాదు. అక్కడొక మనిషి నిలబడి ఉందన్న సమాచారం అతనికి చేరదు, అంతే. చారు లోర్నెట్ ఎత్తి, ఇందాక కోతులవాణ్ణి చూసినట్టే, నడిచిపోతున్న మొగుణ్ణి చూస్తుంది. దూరం నుంచి వీధిలో మనుషుల్ని చూడ్డానికి వాడే వస్తువుతో, రెండు గజాల దూరంలో ఉన్న భర్తని చూడాల్సొచ్చింది. తర్వాత చెయ్యి కిందికి వాలుతుంది, కెమెరా ఒక్కసారిగా వెనక్కి జరుగుతుంది.

ఇక్కడితో ఆపేస్తే 'పట్టించుకోని భర్త' అనే వాక్యం నిజమే. కానీ రాయ్ ఆపడు. ఆ రాత్రే భూపతి ఆ రుమాలు చేతిలోకి తీసుకుని ముచ్చటపడి, నీకింత తీరిక ఎప్పుడు దొరుకుతోందీ అని అడుగుతాడు. అడిగిన తర్వాత వెలుగుతుంది బుర్రలో: ఈమెకి తీరిక తప్ప ఇంకేమీ లేదని. మొహంలో నిజమైన బాధ కనిపిస్తుంది. శైలేన్ ముఖర్జీ ఇక్కడ చాలా బాగా చేశాడు, గడ్డం వెనకాల ఒక పెద్ద పిల్లాడున్నట్టు. వెంటనే పరిష్కారం కూడా సిద్ధం. చారు అన్నయ్య ఉమాపదని, వదిన మందాకినిని పిలిపిద్దాం. అన్నయ్య పత్రిక లెక్కలు చూసుకుంటాడు, వదిన నీకు తోడుంటుంది. ఒక దెబ్బకి రెండు పిట్టలు.

చారుకి కావలసింది తోడు అని అతను సరిగ్గానే కనిపెట్టాడు. ఆ తోడు తనే అయ్యుండాలని మాత్రం తట్టలేదు. మందాకిని మంచిదే పాపం, పేకాడుతుంది, నవ్విస్తుంది, కానీ చారు చదివే పుస్తకాలకీ ఆమెకీ సంబంధం లేదు. తర్వాత అమల్ వచ్చినప్పుడు భూపతి రెండో పరిష్కారం కనిపెడతాడు. చారుకి సాహిత్యమంటే ఇష్టం, నువ్వేమో సాహిత్యం మనిషివి, ఆమెని మెల్లగా రాతలోకి దించు, నేను చెప్పినట్టు మాత్రం తెలియనివ్వకు అంటాడు. మొదటిది తోడు, రెండోది సాహిత్యం. రెండూ పక్కవాళ్ళకి అప్పగించేశాడు.

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, సమస్యని గుర్తించాడు, టికెట్ రాశాడు, అసైన్ చేశాడు, తన క్యూలోంచి తీసేశాడు. నవ్వులాటకి అనడం లేదు. ఇది మా వృత్తిలో మంచి లక్షణమే. అన్నీ తనే నెత్తిన వేసుకునేవాడు మంచి మేనేజర్ కాడు. భూపతి ఆ లెక్కన చాలా మంచి మేనేజర్. మనుషుల్ని నమ్ముతాడు, పని ఒప్పజెప్పాక మధ్యలో వేలు పెట్టడు. ఇనప్పెట్టె తాళాలు కూడా ఉమాపద చేతిలో పెట్టేస్తాడు. అతని మంచితనం నాకు సినిమా పొడుగునా కనపడుతూనే ఉంటుంది, అందుకే గుండెల్లో గుచ్చుకుంటుంది. తాగి కొట్టే మొగుడయితే మనకి పని సులువు. వాణ్ణి అసహ్యించుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు.

ఇంకో సులువు కూడా రాయ్ మనకివ్వడు. భూపతి చేసే పని పనికిమాలినది కాదు. తెల్లదొరల ప్రభుత్వం వేసే పన్నుల మీద, పెట్టే ఖర్చుల మీద సొంత డబ్బుతో పత్రిక నడపడం చిన్న విషయమా? 1880లో ఇంగ్లండులో గ్లాడ్‌స్టన్ లిబరల్ పార్టీ గెలిస్తే ఇక్కడ కలకత్తాలో ఇంట్లో పార్టీ ఇస్తాడు. ఇవాళ మనకి కాస్త నవ్వొస్తుంది, ఎక్కడో లండన్ ఎన్నికలకి వీళ్ళ సంబరమేమిటని. కానీ అతని దృష్టిలో అది లోకం మారిపోయే రోజు. 'ఆఫీసు పిచ్చిలో ఇల్లు మర్చిపోకండి' అని నీతి చెప్పే సినిమాగా దీన్ని చూపించి యువ దంపతులకి సలహాలిచ్చే వీడియోలు ఎప్పటికైనా వస్తాయేమో. దయచేసి ఎవరూ చెయ్యొద్దు. భూపతి పని తగ్గించుకుని సాయంత్రం ఆరింటికి ఇంట్లోకి వచ్చి కూర్చుంటే ఏం మాట్లాడతాడు? వాళ్ళిద్దరి మధ్యా లేనిది టైమ్ ఒక్కటే కాదు. ఇద్దరికీ కలిపి ఒక భాష లేదు.

ఇది మాటవరసకి అన్నది కాదు. ఆ ఇంట్లో నిజంగానే రెండు భాషలున్నాయి. భూపతిది ఇంగ్లీషు, చారుది బెంగాలీ. టైటిల్స్‌లో చారు కుట్టే అక్షరం ఏమిటో చూడండి, ఇంగ్లీషు బి. మొగుడి పేరుని అతని భాషలో కుట్టిపెడుతోంది. భూపతికి బంకిం నవలలంటే వినోదం. ఒక స్నేహితుడు నవల చదివి నిద్రపోలేదంటే దాన్నో జోకులాగా చెప్తాడు. అతని దృష్టిలో రాజకీయం నిజం, నవల కల్పన. ఆ కాలపు చరిత్ర కాస్త తెలిస్తే ఈ చీలిక ఇంకా పదునుగా కనిపిస్తుంది. 1878లో వైస్రాయ్ లిట్టన్ తెచ్చిన పత్రికల చట్టం దేశభాషల పత్రికలకే వర్తించేది, ఇంగ్లీషు పత్రికల జోలికి వచ్చేది కాదు. దాన్ని తప్పించుకోడానికే 'అమృత బజార్ పత్రిక' రాత్రికి రాత్రి ఇంగ్లీషులోకి మారిపోయింది. అంటే ఆ రోజుల్లో ప్రభుత్వం బెంగాలీకి భయపడింది. జనంలోకి పోయేది ఆ భాషేనని దొరలకి తెలుసు. భూపతికే తెలీదు. తన ఇంట్లో, పక్క గదిలో, ఆ భాష రాయగల మనిషి కూర్చుని ఉందనీ తెలీదు.

చారు రాయడం మొదలుపెట్టిన తీరు ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. అమల్ రాసుకోడానికి ఆమే ఒక నోటుపుస్తకం తయారుచేసి ఇస్తుంది, ఇందులో రాసింది అచ్చుకివ్వకూడదని షరతు పెట్టి. అతను మాట తప్పి పత్రికకి పంపిస్తాడు, అచ్చవుతుంది. చారుకి కోపం. ఆ కోపంలోంచి రాత పుడుతుంది. మొదట కోకిల గురించి ఏదో అలంకారంగా రాయబోయి, అమల్ బాణీలో, చించి పారేస్తుంది. తర్వాత ఒక్కతే కూర్చుని ఉంటే కెమెరా ఆమె మొహానికి దగ్గరగా వస్తుంది. ఆ కళ్ళ మీద చిన్నప్పటి ఊరు కదులుతుంది: ఏరు, పడవలు, తిరనాళ్ళు. అదే రాస్తుంది. సొంత ఊరి గురించి, మామూలు మాటల్లో. అమల్ రచన అచ్చయినదాని కంటే మంచి పత్రికలో అచ్చవుతుంది. ఆ పత్రిక తెచ్చి అమల్ తల మీద మొత్తి, ఆనక అతని గుండెల మీద పడి ఏడ్చేస్తుంది. గెలిచానని ఏడుపా, గెలుపు దేనికీ పనికిరాదని తెలిసిపోయిన ఏడుపా? రెండూ అనిపిస్తాయి నాకు.

మరి భూపతికి తన భార్య రచయిత్రి అయిందని ఎలా తెలిసింది? స్నేహితుడు చెప్తే తెలిసింది. టికెట్ క్లోజయిందని మూడో మనిషి వచ్చి చెప్పినట్టు.

అమల్ గురించి అందరికీ ఒక మెత్తదనం ఉంటుంది, సౌమిత్ర ఛటర్జీ అంత ముద్దుగా ఉన్నాడు గనక. గాలివానతో పాటు వస్తాడు, పాడతాడు, పద్యాల్లాంటి మాటలాడతాడు. నాకు మాత్రం అతనంటే ఓర్పు తక్కువ. చారు భూపతి కోసం కుట్టిన చెప్పులు ఇతని కాళ్ళకి వస్తాయి. పుచ్చుకుంటాడు. ఆమె శ్రద్ధ, నోటుపుస్తకం, పాన్లు అన్నీ పుచ్చుకుంటాడు. చివరికి అన్నయ్య నమ్మకద్రోహం గురించి మాట్లాడే సరికి తనకి తగిలి, రాత్రికి రాత్రే ఉత్తరం ముక్క పెట్టేసి వెళ్ళిపోతాడు. భూపతి పట్ల ఇది ధర్మమే. కానీ చారుతో ఒక్క మాట? అతని పాపభీతిలో కూడా ఉన్నవాళ్ళు ఇద్దరే, తనూ అన్నయ్యా. చారు అక్కడ కూడా దారిలో నిలబడ్డ మనిషే. పుస్తకం చదువుకుంటూ ఒకడు పక్కనుంచి వెళ్ళిపోయాడు, పుస్తకాల గురించి మాట్లాడుతూ ఇంకొకడు వెళ్ళిపోయాడు.

ఈ సినిమాలో తప్పులు చాలా తక్కువని, మళ్ళీ తీయాల్సొస్తే ఇలాగే తీస్తానని రాయ్ చెప్పేవాడు. 1965లో బెర్లిన్‌లో ఉత్తమ దర్శకుడిగా సిల్వర్ బేర్ కూడా వచ్చింది. అయినా నాకొక ఫిర్యాదుంది. ఉమాపద డబ్బు కాజేసి పారిపోవడం, అమల్ మనసు కాజేసి పారిపోవడం, ఈ రెంటినీ రాయ్ మరీ పక్కపక్కన పెట్టాడు. చీకట్లో కూర్చుని భూపతి, డబ్బు పోయినందుకు కాదు, నమ్మకం పోయినందుకు బాధ అని అమల్‌కి చెప్తుంటే ఆ వ్యంగ్యం మనకి బల్ల గుద్ది చెప్పినట్టుంటుంది. రెండు నమ్మకాలూ, రెండు దొంగతనాలూ, లెక్క సరిపోయింది. ఇంత సున్నితమైన సినిమాలో ఆ ఒక్క చోటా కథ తాలూకు మేకులు పైకి కనిపిస్తాయి.

దానికంటే పెద్ద చర్చ, మూలకథని మార్చడం గురించి. సినిమా వచ్చినప్పుడు అశోక్ రుద్ర 'పరిచయ్' పత్రికలో రాయ్ టాగూర్‌ని పాడుచేశాడన్నట్టుగా రాస్తే, రాయ్ చాలా వివరంగా జవాబు రాశాడు. టాగూర్ కథలో అమల్ వెళ్ళిపోయాక చాలా నడుస్తుంది. చారు నగ తాకట్టు పెట్టి రహస్యంగా ఇంగ్లండుకి టెలిగ్రాం ఇప్పిస్తుంది, దాని జవాబు భూపతి చేతిలో పడుతుంది. అంతకుముందు భూపతి ఒక పని చేస్తాడు. పత్రిక పోయింది కదా, భార్యని సంతోషపెడదామని కూర్చుని బెంగాలీలో రాయడం మొదలుపెడతాడు. ఆ వయసులో, ఆ రాతలు తెచ్చి సిగ్గుపడుతూ చూపిస్తాడు. చారుకి వాటి మీద మనసు ఉండదు. రాయ్ ఇదంతా తీసేశాడు. టెలిగ్రాం తీసెయ్యడం సరే, భూపతి అనుమానం నిజం కావడానికి ఒక్క క్షణం చాలు, సాక్ష్యాలక్కర్లేదు. కానీ మొగుడు పెళ్ళాం భాషలోకి నడవబోయిన ఆ ప్రయత్నం పోయిందే అని మొదట్లో నాకు బెంగగా ఉండేది.

ఇప్పుడు చూస్తే రాయ్ దాన్ని ఊరికే తీసెయ్యలేదు, తిరగేశాడనిపిస్తుంది. అమల్ వెళ్ళిపోయాక, పత్రిక మూతపడ్డాక భూపతీ చారూ సముద్రం ఒడ్డుకి వెళ్తారు. ఇసకలో కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ సినిమాలో వాళ్ళిద్దరూ మనుషుల్లా మాట్లాడుకునే ఒకే ఒక్క సీన్ అది. పత్రిక మళ్ళీ పెట్టమని చెప్పేది చారు. రెండు భాషల్లో పెట్టమంటుంది. నువ్వు ఇంగ్లీషులో రాజకీయం రాయి, బెంగాలీ భాగం నేను చూసుకుంటాను అంటుంది. భూపతికి రెక్కలొచ్చినంత పనవుతుంది. గమనించారా, ఆమె అతన్ని పని మానుకోమనలేదు. నాతో కూర్చో, కబుర్లు చెప్పు అనలేదు. నన్ను నీ పనిలోకి రానివ్వు అంది. అన్ని పరిష్కారాలూ కనిపెట్టిన మంచి మేనేజర్‌కి తట్టనిది ఇదొక్కటే. ఇన్నాళ్ళూ బయటి మనుషులకి ఒప్పజెబుతూ వచ్చిన చోట్లో ఆమెకి ఒక కుర్చీ వెయ్యడం.

ఆ పత్రిక వచ్చుంటే బాగుండేదని ప్రతిసారీ అనుకుంటాను. చారు పెళ్ళికన్నా, అమల్‌తో ఏం కాకుండా పోయిందో దానికన్నా, ఎప్పటికీ అచ్చుకాని ఆ రెండు భాషల 'సెంటినెల్' నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఎందుకంటే ఇంటికి తిరిగి వచ్చీ రాగానే అమల్ ఉత్తరం ఉంటుంది. ఒక్కతే ఉన్నాననుకుని చారు కూలిపోయి, అమల్ పేరు పెట్టి ఏడుస్తుంది. భూపతి తలుపు దగ్గర నిలబడి చూస్తాడు. సినిమా మొత్తంలో అతను ఆమెని నిజంగా చూసేది ఇప్పుడే. ఆమెకి తెలియకుండా, ఇంట్లోనే ఉండి, పరాయివాడిలా. మొదటి సీన్లో లోర్నెట్‌తో ఆమె నిలబడ్డ చోటులాంటి చోట్లో ఇప్పుడు అతను నిలబడ్డాడు. తర్వాత గుర్రబ్బండి ఎక్కి వీధులెంట ఊరికే తిరుగుతాడు. ఆ బండిలో కూర్చున్న భూపతి మొహం చూస్తే అతన్ని ఒక వాక్యంలో తేల్చేయడం ఎవరివల్లా కాదనుకుంటాను.

టాగూర్ కథ చివర్లో భూపతికి మైసూరులో ఒక పత్రిక సంపాదకుడిగా పని దొరుకుతుంది. నన్నూ తీసుకెళ్ళమంటుంది చారు. అతను ఒక్క క్షణం తటపటాయించి, ఆనక రమ్మంటాడు. ఆ ఒక్క క్షణం చాలు ఆమెకి, అక్కర్లేదంటుంది. రాయ్ మైసూరు దాకా వెళ్ళడు. గుమ్మంలోనే ఆపేస్తాడు. భూపతి తిరిగి వస్తాడు. చారు తలుపు తీసి లోపలికి రమ్మని చెయ్యి చాపుతుంది. అతనూ చెయ్యి చాపుతాడు. రెండు చేతులూ తాకబోయేంతలో బొమ్మ ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కదలని ఫొటోలే: ఆమె మొహం, అతని మొహం, దీపం పట్టుకున్న నౌకరు, ఆ రెండు చేతులు. ఆ చేతులు కలుస్తాయని కొందరూ, కలవవని కొందరూ రాశారు. నేను ఈ మధ్య మళ్ళీ చూసినప్పుడు చేతుల్ని కాదు, భూపతి నిలబడ్డ చోటుని చూశాను. గుమ్మం బయట. అది అతని ఇల్లే. లోపల ప్రెస్సుంది, కాయితాలున్నాయి, ఇన్నేళ్ళూ దులుపుకుంటూ వెళ్ళిపోయిన ఆ వరండా ఉంది. లోపలికి రమ్మని పిలుస్తున్నది ఆమె.